అడుగు పట్టినా మాడకూడదు: ఇగురు కూరలకి ఉల్లి మసాలా వేపే పద్ధతి

కోడి కూరైనా, రొయ్యల ఇగురైనా, కోడిగుడ్ల కూరైనా సగం రుచి ముక్క వేయకముందే తేలిపోతుంది. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి నూనెలో వేగే ఆ పాతిక నిమిషాల్లో గిన్నె అడుగున ఏం జరిగిందో కూర రంగు, చిక్కదనం, వాసన చెప్పేస్తాయి. ఇక్కడ జరిగే పొరపాట్లు ముఖ్యంగా రెండు. అడుగు పట్టడం చూసి కంగారుపడి గ్లాసుడు నీళ్లు పోసేయడం ఒకటి. అప్పుడు కూర పాలిపోయి, ఉడికిన ఉల్లి వాసనతో, నీళ్లు ఒకవైపు ముద్ద ఒకవైపు అన్నట్టు మిగులుతుంది. బాగా ఎర్రగా రావాలని వదిలేసి వేరే పని చూసుకోవడం రెండోది. తిరిగొచ్చి గరిటె పెట్టేసరికి నల్లటి పెచ్చులు లేస్తాయి.

అడుగు పట్టడం దానంతటది తప్పు కాదు. ఇగురు కూర రంగులో చాలా భాగం అక్కడే పుడుతుంది. పట్టిన పొరని వేళకి తడిపి, గీకి, మళ్ళీ ముద్దలో కలపడం వస్తే చాలు, రంగు కోసం కాశ్మీరీ కారం వెతుక్కోనక్కర్లేదు.

అడుగున జరిగేది

ఉల్లిపాయ బరువులో 89 శాతం దాకా నీరే. చక్కెరలు నాలుగు శాతం పైచిలుకు. ఆ నీరు ఉన్నంతసేపూ ముద్ద వేడి 100 డిగ్రీలు దాటదు. సెగ ఎంత పెంచినా ఆవిరి ఎక్కువ లేస్తుంది గాని రంగు రాదు. రంగూ, వేగిన ఉల్లి కమ్మదనమూ గట్టిగా పుట్టేది 140 డిగ్రీల దరిదాపుల నుంచి. ముద్ద మొత్తం అంత వేడెక్కదు గాని, గిన్నెని తాకిన పలుచని పొర మాత్రం ముందుగా ఎండి ఆ వేడికి చేరుతుంది. అక్కడ ఉల్లి చక్కెర పాకంలా జిగురెక్కి, ఉల్లి, వెల్లుల్లిలో ఉన్న కాస్త మాంసకృత్తులతో కలిసి లోహాన్ని పట్టేసుకుంటుంది.

ఈ పొర రంగు మారే వరస చూసి గుర్తుపెట్టుకోండి: లేత పసుపు, తేనె రంగు, ఇటుక రంగు, కాఫీ గింజ రంగు, నలుపు. తేనె రంగు నుంచి ఇటుక రంగు దాకా అది నీళ్లలో కరుగుతుంది. కరిగిన ప్రతిసారీ ఆ రంగు ముద్దకి ఎక్కుతుంది. కాఫీ గింజ రంగులో సగమే కరుగుతుంది, చిరుచేదు తగులుతుంది. నల్లబడిందంటే బొగ్గే. అది కరగదు, గీకితే నలుసులై కూరంతా పాకుతుంది. మొదటి రంగులు నిదానంగా వస్తాయి. ఇటుక రంగు నుంచి నలుపుకి మాత్రం మధ్యరకం సెగ మీద నిమిషం, నిమిషంన్నర చాలు. ఫోను మోగేది సరిగ్గా అప్పుడే.

పొర ఏ దశలో ఉందో నూనె, ముద్ద కప్పేసి కనబడకపోతే ఇలా చూడండి. ముద్దని ఒక పక్కకి నెట్టి, ఖాళీ అయిన చోట పెద్ద చెంచాడు నీళ్లు పోసి, అట్లకాడతో రెండుసార్లు గీసి, ఆ నీటిని తెల్ల సాసర్లోకి తీయండి. టీ డికాషన్ రంగులో తేటగా ఉంటే ఆ నీటిని తిరిగి గిన్నెలో పోసి ధైర్యంగా వేపండి. నల్లటి నలుసులు తేలుతుంటే ఇక గీకడం ఆపి, కింద "మాడితే" అన్న చోట చెప్పినట్టు చేయండి.

గిన్నె, సెగ, అట్లకాడ

పలుచని స్టీలు గిన్నె ఇగురుకి పనికిరాదు. స్టీలు వేడిని పాకించే తీరు అల్యూమినియంలో పదో వంతు కూడా ఉండదు. అందుకే గ్యాసు మంట తగిలిన చోట వలయంగా మాడుతుంది, నడుమ మాత్రం ఉల్లి పచ్చిగానే ఉంటుంది. మాడిన గిన్నె తోముతున్నప్పుడు గుండ్రంగా నల్లచార కనిపిస్తే కారణం ఇదే. స్టీలే వాడాలనుకుంటే అడుగు మందంగా ఉన్నదో, నడుమ అల్యూమినియం పొర ఉన్న మూడు పొరల రకమో తీసుకోండి. మందపాటి ఇండాలియం గిన్నె కోడి కూరకి చక్కగా సరిపోతుంది. ఇనుప మూకుడు రంగు బాగా తెస్తుంది. కాని చింతపండు, గోంగూర, చింతచిగురు, మామిడికాయ పడే కూరలకి వద్దు. ఆ పులుపుకి ఇనుము దిగి కూర నల్లబడుతుంది, లోహం రుచి వస్తుంది. ఇత్తడి గిన్నె అయితే లోపల కళాయి పోలేదని చూసుకోవాలి. నాన్‌స్టిక్‌లో మాడదు, నిజమే. అసలు పొరే పట్టదు కాబట్టి కరిగించి కలపడానికి ఏమీ మిగలదు, ఇగురు ఎప్పుడూ కాస్త చప్పగానే వస్తుంది. పైగా దాన్ని ఖాళీగా పెద్ద మంట మీద ఉంచకూడదు. 260 డిగ్రీలు దాటితే పూత చెడుతుంది.

కోనసీమ ఇళ్లలో చేపల పులుసుకి వాడే మట్టి దాక సంగతి వేరు. నిదానంగా వేడెక్కి, నిదానంగా చల్లారుతుంది. పొయ్యి ఆపాక కూడా చాలాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. అందులో ఉల్లి వేపేటప్పుడు కావలసిన రంగుకి ఒక మెట్టు ముందే సెగ తగ్గించేయాలి. తడపడానికి వేడినీళ్లే వాడాలి. కాలిన దాకలో చన్నీళ్లు పోస్తే పగులుతుంది.

వెడల్పు కూడా ముఖ్యమే. 400 గ్రాముల ఉల్లికి అడుగు 24 నుంచి 26 సెంటీమీటర్లు ఉండాలి. ఇరుకు గిన్నెలో ఉల్లి గుట్టపడి, ఆవిరికి ఉడుకుతుంది, అరగంటైనా రంగు తిరగదు. మరీ వెడల్పయితే ముక్కలు విడివిడిగా పడి అంచులు మాడతాయి. మంట గిన్నె అడుగు దాటి పక్కలకి ఎగబాకకూడదు. ఇండక్షన్ పొయ్యి అయితే 1,000 నుంచి 1,200 వాట్ల దగ్గర ఉంచండి. 2,000 దగ్గర పెడితే కాయిల్ ఉన్నంత మేర గబుక్కున మాడుతుంది.

ఇక గరిటె. గుండ్రటి గరిటెతో అడుగు గీకడం కుదరదు, అది పొర మీద జారిపోతుంది. అంచు తిన్నగా ఉన్న చెక్క తెడ్డు గాని అట్లకాడ గాని కావాలి. మాడు సమస్యల్లో కొన్ని గరిటె మారిస్తేనే తీరిపోతాయి.

ఉల్లిపాయ, నూనె

కిలో కోడిమాంసానికి ఉల్లిపాయలు 400 గ్రాములు, అంటే మధ్యరకానివి నాలుగో ఐదో. నూనె 100 మిల్లీలీటర్లు. "నూనె తగ్గించి చేస్తే అడుగంటుతోంది" అనేవాళ్లకి జవాబు ఈ లెక్కలోనే ఉంది. నూనె పని జిడ్డు పెంచడం ఒక్కటే కాదు, గిన్నెకీ ముక్కకీ మధ్య సందులు నింపి వేడిని సమంగా అందించడం. అది చాలకపోతే తగిలిన చోట మాడుతుంది, తగలని చోట పచ్చిగా ఉంటుంది. 70 మిల్లీలీటర్ల కంటే తగ్గించాలంటే సెగ కూడా తగ్గించి, మరో పది నిమిషాలు పొయ్యి దగ్గర నిలబడాలి. వేపడమంతా అయ్యాక తేలిన నూనెని పైనుంచి తీసేయడం దానికంటే తేలిక.

ఉల్లిపాయ కొత్తదా పాతదా అన్నది చూడండి. తాడేపల్లిగూడెం మార్కెట్టుకి కర్నూలు నుంచి వచ్చే కొత్త పంట పాయలో నీరు ఎక్కువ, పొట్టు తడిగా పలుచగా ఉంటుంది. అవి వేగడానికి ఐదారు నిమిషాలు ఎక్కువ పడుతుంది. బాగా ఆరిన మహారాష్ట్ర పాయ త్వరగా ఎర్రబడుతుంది, త్వరగా మాడుతుంది కూడా. వంట పుస్తకంలో పన్నెండు నిమిషాలని రాసి ఉంటే దాన్ని గడియారంతో కాదు, ఉల్లిపాయతో సరిచూసుకోవాలి.

తరగడం ఒకే మందంలో ఉండాలి, మూడు మిల్లీమీటర్లు మించకుండా. చాకు కంగారుగా ఆడిస్తే ఒక ముక్క దారంలా, ఇంకోటి చెక్కలా వస్తుంది. దారాల్లాంటివి మాడిపోయి కూరలో నల్ల నలుసులవుతాయి, చెక్కలు పచ్చిగా పంటికి తగులుతాయి. నిలువు చీలికల కంటే చిన్న ముక్కలు ఇగురులో బాగా కలిసిపోతాయి.

పచ్చి ఉల్లిని మిక్సీలో ముద్ద చేసి నూనెలో వేయడం చాలామందికి అలవాటు. పని సులువు, ఫలితం అంతంతమాత్రం. ముద్దలో నీరంతా ఒక్కసారి బయటికొస్తుంది, చిటపటమని మీద చిందుతుంది, రంగు తిరగడానికి అరగంట పైనే పడుతుంది, ఒక్కోసారి చేదు కూడా తిరుగుతుంది. గుజ్జులాంటి కూర కావాలంటే ముక్కలుగా ఎర్రగా వేపి, చల్లార్చి, అప్పుడు మిక్సీ పట్టండి. ఆ వేగిన ముద్దని తిరిగి గిన్నెలో వేసేటప్పుడు జాగ్రత్త. అందులో నీరు లేదు, మెత్తగా ఉంది, సెకన్లలో అంటుకుంటుంది. ముందు మూడు పెద్ద చెంచాల నీళ్లు పోసి, దాని మీద ముద్ద వేసి, సన్న సెగ మీద కలపాలి.

వేపే వరస

గిన్నె ఖాళీగా రెండు నిమిషాలు మధ్యరకం సెగ మీద కాగాక నూనె పోయండి. చల్లటి గిన్నెలో నూనె, ఉల్లి కలిపి పెడితే మొదటి నుంచీ అంటుకుంటుంది, స్టీలులో మరీను. నూనెలో ఒక ఉల్లి ముక్క వేస్తే వెంటనే చుట్టూ బుడగలు లేవాలి. అప్పుడు లవంగాలు, చెక్క, యాలకులు పది సెకన్లు వేపి ఉల్లి మొత్తం వేయండి. వెంటనే అర చెంచా ఉప్పు. ఉప్పు ఉల్లిలోని నీటిని బయటికి లాగుతుంది, ముక్కలన్నీ సమంగా మెత్తబడతాయి. దీనివల్ల రంగు రావడం రెండు నిమిషాలు ఆలస్యమైనా మేలే. మెత్తబడని ఉల్లి అంచులు మాడతాయి, నడుమ పచ్చిగా మిగులుతుంది.

మొదటి ఐదు నిమిషాలు మూత పెట్టండి, నడుమ ఒక్కసారి కలపండి. మూత తీశాక సెగ మధ్యరకం కంటే కాస్త ఎక్కువ. ఇప్పుడు చెవి పెట్టాలి. నీరున్నంతసేపూ జల్లుమని పెద్ద మోత, దట్టమైన ఆవిరి. ఏడెనిమిది నిమిషాలకి ఆ మోత తగ్గుతుంది, పెద్ద బుడగలు పోయి నూనెలో సన్నటి నురుగు లాంటివి మిగులుతాయి, ఆవిరి పలచబడుతుంది. నీరు పోయిందని అర్థం. ఇంతవరకూ అప్పుడప్పుడు కలిపితే సరిపోయింది. ఇక్కడి నుంచి పొయ్యి వదలకూడదు.

ఇంకో రెండు మూడు నిమిషాలకి అంచులు లేత బంగారు రంగు తిరిగి, అట్లకాడ అడుగున కాస్త బరువుగా లాగుతుంది. తీసి చూస్తే తేనె రంగు పొర కనబడుతుంది. సెగ కాస్త తగ్గించి, ముప్పై నలభై సెకన్లు కదపకుండా ఉంచండి. అదే పనిగా కలుపుతుంటే ఏ ముక్కా గిన్నెని తగినంతసేపు తాకదు, ఉల్లి మెత్తబడుతుంది గాని ఎర్రబడదు. పొర ఇటుక రంగుకి వచ్చేముందు రెండు పెద్ద చెంచాల నీళ్లు, సుమారు 30 మిల్లీలీటర్లు, పొర ఉన్నచోటే పోయండి. చుయ్‌మని ఆవిరి లేస్తుంది. ఆ తడిలోనే అట్లకాడ అంచుతో అడుగంతా గీకండి, మూలలతో సహా. పొర కరిగి ముద్ద మొత్తం ఒక్క ఛాయ ముదురుతుంది. కళ్లముందే మారుతుంది, పొరబడే అవకాశం లేదు.

ఇలా మూడు నాలుగు సార్లు. ప్రతిసారీ నీరు ఇగిరి, మళ్ళీ పొర పట్టి, మళ్ళీ తడపడం. ఒక్కో విడతకి నిమిషంన్నర, రెండు నిమిషాలు పడుతుంది. నీళ్లు ఎక్కువ పోస్తే రంగు పోదు, కాని ఆ నీరు ఇగిరేదాకా వేడి తిరిగి 100 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది, సమయం వృథా. అందుకే గ్లాసుతో కాదు, చెంచాతో పోయాలి. రెండో విడత నుంచి ముక్కలు చితికి గుజ్జుగా మారడం మొదలవుతుంది. ఇగురు చిక్కదనం ఆ గుజ్జుదే.

ఉల్లి దోరగా వేగినప్పుడే, పూర్తిగా ఎర్రబడకముందే, 40 గ్రాముల అల్లం వెల్లుల్లి ముద్ద వేయాలి, అంటే రెండు పెద్ద చెంచాలు నిండుగా. ఉల్లి ఎర్రబడ్డాక వేస్తే, వెల్లుల్లి పచ్చివాసన పోయేలోగా ఉల్లి మాడుతుంది. వెల్లుల్లిలో నీరు 60 శాతం లోపే, అందుకే ఉల్లి కంటే తొందరగా ఎండి అంటుకుంటుంది. పిండిలా జిగురుగా సాగుతుంది కూడా. మూడు నిమిషాలు చేయి ఆపకుండా కలపండి, పట్టగానే చెంచాడు నీళ్లు. ముక్కుకి గుచ్చుకునే ఘాటు పోయి కమ్మని వాసన వస్తే చాలు. కొన్న పేస్టులో ఉప్పూ పులుపూ కలిపి ఉంటాయి. అవి చిందుతాయి, రంగు ఆలస్యంగా తిరుగుతుంది, ఉప్పు లెక్క కూడా తగ్గించుకోవాలి.

పొడుల దగ్గర ఎక్కువ కూరలు పాడవుతాయి. కారం కాగిన నూనెలో నేరుగా పడితే పది పదిహేను సెకన్లలో నల్లబడుతుంది, ఇంట్లో అందరూ దగ్గుతారు. కారం మూడు చెంచాలు, ధనియాల పొడి నాలుగు చెంచాలు, పసుపు అర చెంచా, ఇవన్నీ పావు గ్లాసు నీళ్లలో పల్చగా కలిపి ఉంచుకుని, సెగ తగ్గించి ఆ నీళ్లు పోసేయండి. పొడి ఉడుకుతూ వేగుతుంది, మాడదు. రెండు మూడు నిమిషాల్లో నీరు ఇగిరి, అంచుల్లో ఎర్రటి నూనె పేరుకుంటుంది. ముద్దని అట్లకాడతో పక్కకి లాగితే వెనక దారి తెరుచుకుని, ఆ దారిలోకి నూనె నెమ్మదిగా ఊరాలి. నూనె తేలడమంటే అదే. నీరున్నంతసేపూ ఉల్లి గుజ్జు నూనెని తనలో పట్టి ఉంచుతుంది, నీరు పోగానే వదిలేస్తుంది. నూనె తేలాక ఒక్క నిమిషం కంటే ఎక్కువ వేపకండి. కాపాడే నీరు ఇక లేదు.

టమాటా వేయాలా వద్దా అన్నది ఇంటికో పంతం. వేస్తే రెండు, ఉల్లి పూర్తిగా వేగాకే. ముందే వేస్తే పులుపుకి ఉల్లి మెత్తబడదు, ఎర్రబడదు. పులుపు రెండు పనులనీ మందగింపజేస్తుంది. సరైన వేళకి వేసిన టమాటా రసం అడుగు పొరని నీళ్లకంటే బాగా కరిగిస్తుంది. ఉల్లి పని తొందరగా కావాలని చిటికెడు వంటసోడా వేసేవాళ్లున్నారు. రంగు త్వరగా తిరుగుతుంది, నిజమే, కాని ఉల్లి జావలా అయిపోయి సోడా వాసన మిగులుతుంది. చిటికెడు పంచదార అంతకంటే నయం, నీరు ఇగిరాక వేస్తే. అప్పుడు మాడే వేగం కూడా పెరుగుతుందని మరిచిపోవద్దు.

ఏ కూరకి ఎంత రంగు

నాటుకోడికి, వేటమాంసానికి ఇటుక రంగు దాకా తీసుకెళ్లండి. అవి గంటసేపు ఉడుకుతాయి, ముదురు రుచిని తట్టుకుంటాయి. ఫారం కోడికి ఒక మెట్టు తక్కువ. ఫారం కోడి నీరు బాగా వదులుతుంది. అది వదిలిన నీటిలోనే ఐదు నిమిషాలు పెద్ద సెగ మీద ఉడకనిచ్చి, ఆ తరవాతే అవసరమైతే నీళ్లు పోయాలి. మాంసం పడ్డ మొదటి రెండు నిమిషాలు ముక్కలు అడుగుకి పట్టుకుంటాయి. లాగి పీకకండి. పైన వేగగానే వాటంతటవే వదులుతాయి.

రొయ్యల ఇగురుకి గోదావరి వైపు పాత పద్ధతే మంచిది. రొయ్యల్ని ఉప్పు, పసుపు వేసి విడిగా రెండు మూడు నిమిషాలు ఉడికించి, అవి వదిలిన నీటిని వడకట్టి దాచండి. అడుగు తడపడానికి మామూలు నీళ్లకు బదులు ఆ నీళ్లు చెంచా చెంచాగా వాడితే రొయ్య రుచి పొరతో పాటు ముద్దలో దిగుతుంది. అందులో ఉప్పుంటుంది కాబట్టి ఉల్లిలో ఉప్పు సగం చేయండి. రొయ్యలు చివరి నాలుగైదు నిమిషాల్లో పడితే చాలు. చింతచిగురు, మామిడికాయ వేసేది నూనె తేలాకే.

చేపల పులుసుకి ఉల్లి బంగారు రంగు దాటనివ్వకండి. చింతపండు పులుసులో ముదురు ఉల్లి చేదు పైకి తేలుతుంది. శీలావతి, బొచ్చె ముక్కలు నేరుగా కాలిన అడుగు మీద పెట్టకుండా, పులుసు మరిగాక అందులోకి జార్చాలి. ముక్క పడ్డాక గరిటె పెట్టే పని లేదు. దాక చెవులు గుడ్డతో పట్టుకుని గుండ్రంగా కదిపితే అడుగు పట్టదు, ముక్క చిదరదు.

గసగసాలు, జీడిపప్పు, కొబ్బరి ముద్ద పడే కూరలది ఇంకో తలనొప్పి. కోనసీమలోని మోరి ఊరి జీడిపప్పు ఎంత మేలురకమైనా, నూరి వేశాక పిండిలాగే అడుగుకి దిగి, ఆ పైన ఎంత పులుసున్నా కిందనుంచి మాడుతుంది. వీటిని వేపే దశలో వేయకండి. ముక్క ముప్పావు వంతు ఉడికాక, ముద్దని అర గ్లాసు వేడినీళ్లలో పలచగా కలిపి పోసి, సన్న సెగ మీద నిమిషానికోసారి అడుగు గీకుతూ ఎనిమిది, పది నిమిషాలు ఉంచండి. ఇగురు దగ్గరపడే ఆ చివరి నిమిషాలు మొదటి వేపుడంత ప్రమాదకరం. కొబ్బరిపాలు మాత్రం ఆఖర్న, సెగ బాగా తగ్గించి. కుతకుతలాడిస్తే విరుగుతాయి.

కుక్కర్లో చేసేవాళ్లు మసాలా వేగాక మూత పెట్టేముందు అర గ్లాసు నీళ్లు పోసి అడుగు శుభ్రంగా గీకాలి. ఆ తరవాతే మాంసం, మిగతా నీళ్లు. గీకని పొర లోపల ఆవిరికి కరగదు, మాడుతుంది. విజిల్ రాకుండా మాడు వాసన ముందొస్తే కారణం అదే.

కట్టెల మీద, గుండిగల్లో

పెళ్లివంటల గాడిపొయ్యి మీద సెగ తగ్గించే మర ఉండదు. కొబ్బరి మట్టలు, డొక్కలు భగ్గున మండి చల్లారుతాయి. నీరు ఇగరబెట్టే మొదటి దశకి అవి చాలు. రంగు తిరిగే దశకి వచ్చేసరికి సరుగుడు కర్రల నిప్పులే ఉండాలి, మంట కాదు. మండే కర్ర పక్కకి లాగి నిప్పులు సర్దుకోవడమే సెగ తగ్గించడం. పది కిలోల ఉల్లికి నూనె రెండున్నర లీటర్లు పోసినా, గుట్ట మందం వల్ల నీరు ఇగరడానికే గంట పట్టొచ్చు. అందుకే రెండు వెడల్పు మూకుళ్లలో విడివిడిగా వేపి గుండిగలో కలపడం మేలు. తెడ్డు పట్టిన మనిషి నడుమ మాత్రమే తిప్పితే చాలదు, అంచుల వెంబడి అడుగుని తాకుతూ రావాలి. పెద్ద గుండిగలో మాడేది ఎప్పుడూ తెడ్డు చేరని చోటే.

మాడితే

ముందు పొయ్యి ఆపండి, గీకకండి, నీళ్లు పోయకండి. ఉల్లి దశలోనే నల్లబడి ఉంటే ఆ ముద్ద పారేసి మళ్ళీ మొదలుపెట్టడమే దారి. నాలుగు ఉల్లిపాయల కోసం కిలో మాంసం చెడగొట్టుకోవడం లెక్క కాదు. మాంసం పడ్డాక అడుగు మాడితే, పైన ఉన్నదాన్ని కదపకుండా గరిటెతో వేరే గిన్నెలోకి తీయండి, అడుగు నుంచి ఒక అంగుళం మందం వదిలేయండి. కొత్త గిన్నెలో రుచి చూడండి. పొగవాసన లేకపోతే వేడినీళ్లు పోసి వండుకోవచ్చు. కాస్త చిరుచేదు ఉంటే చారెడు వేయించిన ఉల్లి, కొంచెం కొబ్బరిపాలు లేదా చిన్న బెల్లం ముక్క దాన్ని కప్పుతాయి. బంగాళాదుంప ముక్క మాడు వాసన పీల్చేస్తుందంటారు గాని, అది పీల్చేది పులుసే. పొగవాసన గట్టిగా పట్టిన కూరని ఏ మసాలా కాపాడదు.

స్టీలు గిన్నె మాడితే, మాడు మునిగేదాకా నీళ్లు పోసి, పెద్ద చెంచాడు వంటసోడా వేసి పది నిమిషాలు మరిగించి, చల్లారేదాకా వదిలేయండి. చెక్క అట్లకాడతో నెడితే రేకుల్లా లేస్తుంది. అల్యూమినియానికి, ఇండాలియానికి సోడా వద్దు, నల్లబడతాయి. చింతపండు పిప్పి వేసిన నీళ్లు మరిగించండి. ఇనుప మూకుడులో ఉత్త నీళ్లు మరిగించి గీకి, పొయ్యి మీదే ఆరబెట్టి, చుక్క నూనె రాసి పెట్టాలి. మట్టి దాకకి సబ్బు తగలనివ్వకండి, పీల్చుకుంటుంది. వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, కొబ్బరి పీచుతో తోమి, ఎండలో పూర్తిగా ఆరాకే బోర్లించాలి.

వేపిన ముద్ద మిగిలితే, ముక్క తగలనిది, చల్లార్చి పొడి సీసాలో ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో రెండు నెలలు ఉంటుంది. మళ్ళీ వేడి చేసేటప్పుడు గిన్నెలో ముందు నీళ్లు, తరవాత ముద్ద, సన్న సెగ. అది ఒకసారి నీరంతా వదిలేసిన ముద్ద, నేరుగా కాలిన గిన్నెలో పడితే నిమిషంలో నల్లబడుతుంది.